పదకొండు ధన్యవాదాలు

"కాగితం ఇవ్వు," అన్నాడు తమ్ముడు భార్యతో, మూడోసారి.

మరదలు కుట్టుమిషను ఆపలేదు. ఎవరో పిల్లాడి స్కూలు చొక్కాకి కాలరు కుడుతోంది. ఆ చొక్కా కింద ఇంకో గుడ్డ, ఆ గుడ్డ కింద బస్సు డిపో వాళ్ళు పంపిన ఒప్పుకోలు కాగితం ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. సూది ఆడుతున్నంతసేపూ అక్కడ చెయ్యి పెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"మధ్యాహ్నం మూడింటికి విచారణ. ఆలోపు ఇచ్చెయ్యాలి. ఇవ్వు," అన్నాడు తమ్ముడు.

"ఇవ్వను. అంత సరదాగా ఉంటే అక్కడికెళ్ళి ఇంకోటి అడిగి పెట్టుకోండి సంతకం. నా కళ్ళముందు మాత్రం పెట్టనివ్వను."

"ఏమిటే నీ మొండితనం," అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి. "పెడితే ఏం పోతుంది? కొన్నాళ్ళు బస్సు తోలనివ్వరు, అంతేగా. షెడ్డులో బస్సులు కడుక్కుంటాడు. ఉద్యోగం నిలుస్తుంది. పెట్టకపోతే అదీ ఊడుతుంది."

"'నా నిర్లక్ష్యం వల్ల నిద్రపోయాను' అని రాసుంది అత్తయ్యా అందులో. ఈయనకా నిర్లక్ష్యం? తొమ్మిదేళ్ళలో ఒక్క అద్దం పగలగొట్టారా?"

"నిద్రపోయిన మాట నిజమే," అన్నాడు తమ్ముడు. కింద కూర్చుని బూటు పాలిష్ చేసుకుంటున్నాడు. "గేటు స్తంభానికి గుద్దిన మాట నిజమే. కండక్టరుకి భుజం ఎముక విరిగిన మాట నిజమే."

"ఎందుకు నిద్రపోయారో అది నిజం కాదా?"

తమ్ముడు బూటు మీద ఇంకాస్త పాలిష్ రాశాడు. మిషను కాసేపు ఒక్కతే మాట్లాడుకుంది.

అక్క భుజాన సంచి వేసుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయింది. వెళ్ళాల్సిన బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. అక్క అంటే ఆ ఇంటి పెద్దకూతురు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఊళ్ళో డిపోలన్నిటికీ డ్యూటీలు వేసే ప్రోగ్రాము వాళ్ళ కంపెనీదే. ఏ డ్రైవరు ఏ బస్సు ఎన్నింటికి ఎక్కాలో అదే తేల్చి ఫోనులో పంపేస్తుంది. ఆ ప్రోగ్రాములో ఇంకా ఏమేం బాగుచెయ్యాలో, ఏది ముందో ఏది వెనకో రాసిపెట్టుకునే జాబితా ఒకటుంటుంది. బ్యాక్‌లాగ్ అంటారు. అది అక్క చేతిలో ఉంటుంది. నాలుగు రోజుల కిందట తమ్ముణ్ణి రాత్రి పదకొండింటికి ఒక బస్సు దింపి, తెల్లవారుజామున నాలుగూ నలభైకి ఇంకో బస్సు ఎక్కించింది ఆ ప్రోగ్రామే.

మిషను ఆగింది.

"వదినా, మీరు చెప్పండి. ఆ డ్యూటీ వేసింది మనిషా, మీ కంప్యూటరా?"

"కంప్యూటరే."

"మరి కంప్యూటరు కూడా ఒక కాగితం మీద సంతకం పెడుతుందా?"

మరదలు గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది అక్కకి. అరిచేవాళ్ళ మీద తిరిగి అరవచ్చు.

"మూడింటిదాకా ఆగండి," అంది అక్క. "రెస్టు సరిపోవడం లేదని మాకు ముందే ఎవరో రాశారు. జాబితాలో ఎక్కడో అడుగున ఉంది, నిన్న ఆఫీసులో దాని మాట వచ్చింది. అది పట్టుకుని డిపోకి వస్తాను. కంపెనీకి ముందే తెలుసని తేలితే తప్పు వీడొక్కడి నెత్తిన వెయ్యలేరు."

"వద్దక్కా," అన్నాడు తమ్ముడు.

"ఏం, ఎందుకు వద్దు?"

వాడు తలెత్తలేదు. బ్రష్షు ఆడుతూనే ఉంది.

"ఇందాకటి నుంచీ ఒక్క బూటునే రుద్దుతున్నావురా. రెండోది ఏం పాపం చేసింది?"

ఎవరూ నవ్వలేదు. అక్క చెప్పులు వేసుకుంది. వెనకాల మిషను మళ్ళీ మొదలైంది.

ఆఫీసులో అక్కకి ఇంకో పేరుంది, కత్తెర. ముద్దుపేరే. ఆవిడ వచ్చిన కొత్తలో ఆ జాబితాలో నాలుగొందల పైచిలుకు పనులు పేరుకుపోయి ఉండేవి. అడిగినవాళ్ళు అడుగుతూ పోయారు, రాసుకున్నవాళ్ళు రాసుకుంటూ పోయారు. ఏది ఎందుకుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. అక్క ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి దాన్ని దులపడం మొదలుపెట్టింది. కాలం చెల్లినవి కొట్టేసేది, అర్థం లేనివి తీసేసేది, రెండోసారి వచ్చినవి మూసేసేది. ఆఫీసులో దానికి దులుపుడనే పేరు స్థిరపడింది. జాబితా నూట అరవైకి దిగిన రోజున అందరూ చప్పట్లు కొట్టి కేకు కోశారు. ఆ కేకు కోసిన కత్తి పక్కన ఎవరో కొంటెగా ఒక కత్తెర కూడా పెట్టారు. అది ఇప్పటికీ ఆవిడ బల్ల మీద పెన్నుల మధ్య ఉంది.

ఆ కత్తెరని పక్కకు జరిపి కంప్యూటరు ముందు కూర్చుంది అక్క. పని దొరకడం కష్టం కాలేదు. వరసలో నూట నలభై మూడోది. 'డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఎనిమిది గంటలు లేకపోతే ఆపాలి.' ఎదురుగా 'అడిగినవారు: ఒకరు' అని ఉంది.

ఒకరు. అదీ ఎవరో పేరు రాయని డ్రైవరు, ఏడాది కిందట. ఇది పట్టుకుని విచారణకి వెళితే నవ్విపోతారు. ఎవడో ఒకడు ఏదో రాశాడట అంటారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, తన పద్ధతే. అడిగిందే మళ్ళీ ఎవరైనా అడిగితే మొదటిది ఉంచి, తర్వాతది మూసెయ్యాలి. మూసేటప్పుడు ఒక జవాబు పంపాలి. 'మీ సూచన ముందే మా జాబితాలో ఉంది. ధన్యవాదాలు.' ఆ జవాబు కూడా తనే రాసింది. జాబితా అద్దంలా ఉంటుందని మురిసిపోయింది. మూసేసినవాటిని లెక్కలో కలపాలన్న సంగతి తనకీ తట్టలేదు, ఇంకెవరికీ తట్టలేదు. ఎంతమంది అడిగితే పని అంత పైకి వెళ్ళాలని నియమం. రెండోవాడు అడగగానే వాణ్ణి మూసేస్తే ఇక అది ఎప్పటికి పైకి వెళ్ళేట్టు?

మూసేసినవన్నీ తెరిచింది. ఒకటి, రెండు, ఆరు, తొమ్మిది. చివరికి పదకొండు తేలాయి. పదకొండు మంది డ్రైవర్లు, పదకొండు వేరువేరు రోజుల్లో, ఎవరికి వచ్చిన మాటల్లో వాళ్ళు అదే అడిగారు. పదకొండు మందికీ ధన్యవాదాలు వెళ్ళాయి.

ఒకాయన 'స్టీరింగు మీద తల వాలిపోతోంది' అని రాశాడు. ఇంకొకాయన 'మా ఆవిడ నా మొహం చూసి పక్షం రోజులైంది' అని రాశాడు. తొమ్మిదోది ఇలా ఉంది: 'డ్యూటీ దిగి, ఇల్లు చేరి, తిని పడుకునేసరికి నిద్రకి మూడు గంటలే మిగులుతున్నాయి. నా ఒక్కడి సంగతి కాదు. దయచేసి చూడగలరు.'

కింద డ్రైవరు బిళ్ళ నంబరు 3178.

ఆ నంబరు అక్కకి కంఠతా వచ్చు. మూసిన రోజున పై మాటలు చదివిందే గాని కిందికి చూడలేదు. ఇంట్లో దండెం మీద ఆరే ఖాకీ చొక్కా జేబు పైన రోజూ కనిపించే ఇత్తడి బిళ్ళ మీద ఉండేది అదే.

మూసిన తేదీ చూసింది. అయిదు నెలల కిందటి శుక్రవారం. ఆ సాయంత్రం అన్నాల దగ్గర వాడు అడిగాడు, "అక్కా, మీకు డ్రైవర్లు రాసేవన్నీ మీరు చదువుతారా?" అని. "ఒక్కటి కూడా వదలను," అని తను గొప్పగా చెప్పింది. వాడు తలూపి మజ్జిగ పోసుకున్నాడు.

అక్కకి సిగ్గుతో ఏడుపు వచ్చింది గాని, పది కావడానికి అయిదు నిమిషాలే ఉన్నాయి. పదింటికి సమావేశం, వచ్చే రెండు వారాల పని తేల్చుకోవడానికి. ఆవిడ లేచి పదకొండు కాగితాలూ ప్రింటు తీసింది.

సమావేశం గదిలో నలుగురున్నారు. ప్రోగ్రాము రాసేవాళ్ళలో పెద్దవాణ్ణి అందరూ గడ్డం అంటారు, ఉంది కాబట్టి. పక్కన టెస్టరమ్మాయి, అవతల ఇద్దరు కుర్రకారు. గోడ మీది తెర మీద జాబితా తెరిచి, నూట నలభై మూడోదాన్ని పట్టుకుని లాగి అన్నిటికన్నా పైన పెట్టింది అక్క.

"ఇదేంటి, పైన రంగుల పట్టికలు కదా ఉండాలి?" అన్నాడు గడ్డం. "డిపో పెద్దవాళ్ళకి డైరెక్టరు మాటిచ్చారు."

"రంగులు తర్వాత వేద్దాం. ముందు ఇవి చదవండి," అని కాగితాలు బల్ల మీద పరిచింది అక్క.

చదివారు. టెస్టరమ్మాయి తొమ్మిదో కాగితం దగ్గర ఆగింది. "ఈ నంబరు... మొన్న గేటుకి గుద్దిన బస్సు డ్రైవరుది కదా మేడం?"

"అవును. వాడు మా తమ్ముడు. ఆ కాగితం మూసింది నేను."

గడ్డం గడ్డం గీరుకున్నాడు.

"ఎన్ని రోజుల పని?" అని అడిగింది అక్క.

"రాయడానికి రెండు రోజులు. పరీక్షించడానికి..."

"మూడు," అంది టెస్టరమ్మాయి. "నేను కూర్చుంటాను."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వచ్చాడు డైరెక్టరు. మర్యాదస్తుడు, కోపం వస్తే ఇంకా మర్యాదగా మాట్లాడతాడు. తెర వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు. మిగతావాళ్ళని కాసేపు టీ తాగి రమ్మన్నాడు.

"నిన్న మీకేం చెప్పానమ్మా?"

"విచారణ అయ్యేదాకా దీన్ని జాబితాలోంచి తీసెయ్యమన్నారు."

"మీరేం చేశారు?"

"పైన పెట్టాను."

"ఇంటి బాధ ఇంట్లో పెట్టుకుని రావాలి. మీ తమ్ముడి కోసం కంపెనీని బోనులో నిలబెడతారా?"

"తమ్ముడిది ఒక్కటేనండి. మిగతా పది ఎవరివో నాకు మొహాలు కూడా తెలియవు. ఏది ముందు చెయ్యాలో తేల్చేది నేనని మీరే రాసిచ్చారు. తేల్చాను."

డైరెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిజమే. వరస మీ చేతిలో ఉంది. మీరు నా చేతిలో ఉన్నారు. ఈ కాగితాలు కంపెనీవి. గడప దాటాయంటే రేపటి నుంచి మీరు రానక్కర్లేదు."

ఇంటద్దెకీ అమ్మ మందులకీ సగానికి సగం అక్క జీతమే ఆధారం. ఆ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదంటే అబద్ధమవుతుంది. బాగానే గుర్తొచ్చింది. అయినా కాగితాలు ఒక్కొక్కటే ఏరి, అంచులు సరిచేసి, సంచిలో పెట్టుకుంది.

"మూడింటికి డిపోలో ఉంటానండి," అంది.

"నేనూ ఉంటాను," అన్నాడు డైరెక్టరు.

విచారణ గది బయట పొడుగాటి బెంచీ మీద తమ్ముడూ మరదలూ చెరో చివరా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో ముగ్గురు పట్టేంత ఖాళీ. మరదలు ఒళ్ళో పర్సు, పర్సులో ఆ కాగితం. పొద్దుటి నుంచీ వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదని చూడగానే తెలిసిపోతోంది. అక్క వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుని, తొమ్మిదో కాగితం తమ్ముడి చేతిలో పెట్టింది.

వాడు చదవలేదు. అందులో ఏముందో వాడికి తెలుసు.

"జవాబు కింద నా పేరుంది కదరా. చూశావా?"

"చూశాను."

"అదే రోజు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబుదామనే మొదలెట్టాను. చెబితే తమ్ముడి పనని చేస్తావు. మిగతావాళ్ళకి అక్కలు లేరు కదా. వాళ్ళు ఎలా అడిగారో నేనూ అలాగే అడగాలనుకున్నాను." కాగితం మడిచాడు. "ముందే జాబితాలో ఉందన్నావుగా. చేస్తావులే అని ఊరుకున్నాను. మళ్ళీ అడిగితే సిఫారసు అవుతుంది."

వాడు తిట్టినా బాగుండేది. నమ్మాడు. అయిదు నెలల పాటు, మూడు గంటల నిద్రతో, అక్క చేస్తుందిలే అని నమ్మి బస్సు తోలాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"ఇవి చూపించకక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నీ ఉద్యోగం కూడా పోతుంది. నేను సంతకం పెట్టేస్తాను. ఇంట్లో ఒక్క జీతమైనా నిలవాలి."

మరదలు ఆ మాట విని పర్సు తెరిచింది. డిపో కాగితం తీసింది. తమ్ముడు చెయ్యి చాచాడు. ఆవిడ దాన్ని వాడికి ఇవ్వలేదు, అక్క చేతిలో పెట్టింది.

"మీరే తేల్చండి వదినా. ఏది ముందో ఏది వెనకో తేల్చడం మీ పనే కదా."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున వేసింది. పదకొండు కాగితాలూ చేతిలోకి తీసుకుంది. అప్పుడే లోపలికి పిలిచారు. తమ్ముణ్ణి ఆగమని అక్కే ముందు వెళ్ళింది.

విచారణాధికారి రిటైరుమెంటుకి దగ్గర పడ్డ మనిషి. అన్ని కాగితాలూ ఓపికగా చదివాడు. ఎదుటి కుర్చీలో డైరెక్టరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇవి మీ కంపెనీకి అందాయా?" అని అడిగాడు అధికారి.

"రోజూ వందలు వస్తాయండి," అన్నాడు డైరెక్టరు. "ఒకేలాంటివి వస్తే సిస్టమే మూసేస్తుంది. మనిషి కంటపడదు. మా ఉద్యోగిని పాపం ఆ డ్రైవరు మీద జాలితో వచ్చింది. దీన్ని మేమేం తప్పు పట్టం."

అన్నీ ఒక్క మాటలో సర్దేశాడు. అక్క తలూపితే చాలు, ఉద్యోగం ఉంటుంది, ఎవరూ ఏ తప్పూ చెయ్యనట్టే. ఒక్క తమ్ముడు తప్ప.

"అంతేనామ్మా?" అన్నాడు అధికారి.

"కాదండి. పదకొండూ చదివాను. పదకొండూ నా చేత్తోనే మూశాను. జవాబులు పంపింది నేనే. నా పేరు రాసుకోండి."

అధికారి పెన్ను మూత తీశాడు. పేరు రాసుకున్నాడు, ఉద్యోగం రాసుకున్నాడు.

"డ్రైవరుకి మీరేమవుతారు?"

"అక్కని."

రాస్తున్న చెయ్యి ఆగింది. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"ముందు చెప్పొద్దూ తల్లీ," అన్నాడు జాలిగా. "సొంత అక్క మాట మీద నివేదిక రాస్తే పైవాళ్ళు నా మొహాన కొడతారు. కాగితాలా, మీ ప్రింటర్లోంచి వచ్చినవి." డైరెక్టరు వైపు తిరిగాడు. "ఇవి మీవేనని కంపెనీ ఒప్పుకుంటుందా?"

"పరిశీలించాలండి. ఒక నెల పడుతుంది," అన్నాడు డైరెక్టరు.

"నాకు రేపు పదింటిదాకే ఉంది." అధికారి కాగితాలు అక్క వైపు జరిపాడు. "ఈ మిగతా పదిమందిలో ఒక్కడు వచ్చి, ఇది నేనే రాశాను అని చెబితే చాలు. రాకపోతే మీ తమ్ముడి సంతకం ఉన్నా లేకపోయినా తప్పు అతనిదే అవుతుంది."

అక్క బయటికి వచ్చింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు, ఏమైందని అడిగాడు. ఆవిడ ఆగలేదు. పది నంబర్లు చేతిలో ఉన్నాయి. సంచిలోంచి ఫోను తీసి డ్యూటీ చార్టు తెరిచింది. తన ప్రోగ్రామే, ఇప్పుడు తనకే పనికొస్తోంది. ఎనిమిది మంది రోడ్డు మీదున్నారు. ఒకరికి సెలవు. ఒక్కరు మాత్రం డిపోలోనే, మూడూ యాభైకి బయల్దేరే బస్సు.

టైము మూడూ నలభై ఎనిమిది.

చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఆవరణలోకి పరుగెత్తింది. వరసగా నిలబెట్టిన బస్సుల్లో ఒకటి అప్పటికే కదలబోతోంది. ఎదురుగా వెళ్ళి కాగితం పైకెత్తి నిలబడింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నెరిసిన మీసాలు, కళ్ళ కింద నల్లటి గుంటలు. కిటికీలోంచి వంగి, ఆ కాగితం మీద ఉన్న తన నంబరు చూశాడు. తర్వాత ఆవిడ మొహం చూశాడు.

"స్టీరింగు మీద తల వాలిపోతోందని రాస్తే ధన్యవాదాలు చెప్పింది మీరేనా?"

"నేనేనండి. గేటుకి గుద్దింది మా తమ్ముడు. ఇది మీరే రాశారని లోపల ఒక్క మాట చెప్పండి," అంది అక్క ఆయాసపడుతూ.

ఆయన విచారణ గది కిటికీ వైపు ఒకసారి చూశాడు. అక్కడ డైరెక్టరు నిలబడి ఇటే చూస్తున్నాడు. ఇంజను ఆపలేదు గాని, ముందు తలుపు తెరిచాడు.

"ఎక్కండి. టైమైపోయింది, దారిలో చెబుతాను."

అక్క ఎక్కి ఆయన వెనక సీటు కమ్మీ పట్టుకుంది. బస్సు గేటు వైపు తిరిగింది. విరిగిన స్తంభం చుట్టూ కట్టిన తాడు పక్కనుంచి మెల్లగా పోనిస్తూ, ఆయన అద్దంలోంచి ఆవిడ కళ్ళలోకి చూశాడు.

"మీ తమ్ముడికి ఇచ్చిన కాగితం ఉందే. అలాంటిది పోయినేడు నేనూ సంతకం పెట్టాను," అన్నాడు. "నేను గుద్దింది స్తంభాన్ని కాదు."